సింకు కింద కారుతున్న చెత్త గ్రైండర్: బాగుచేయించాలా, తీసేయాలా?

చెత్త గ్రైండర్ అంటే వంటింటి తడి చెత్తను నలిపి నీళ్లతో పాటు గొట్టంలోకి పంపే మిషను. ముందు దాని కరెంటు ప్లగ్గు పీకేసి, కింద పొడి కాగితం పరిచి, సింకులో నీళ్లు వదిలి చూడండి. చుక్క ఎక్కడి నుంచి పడుతోందో తెలిస్తే సగం నిర్ణయం అయినట్లే.

గ్రైండర్ బిగించిన సింకు రంధ్రం అంచు దగ్గర కారితే పాత పుట్టీ గీకేసి కొత్తది పెట్టి బిగించాలి. పక్క గొట్టం దగ్గరైతే రబ్బరు వాషరు మార్చాలి. ఇంత చిన్న పనికి మిషను తీసేయడం దండగ. అడుగు నుంచి కారితే మాత్రం లోపలి సీలు పోయినట్లే, నీరు మోటారుకు చేరుతుంది. దానికి పైపైన జిగురు పూయడమంటే కరెంటుతో చెలగాటమే.

అప్పుడు తీసేయడమే నయం. పైగా మన వంటింట్లో మునక్కాయ పిప్పి, గోంగూర కాడలు, మామిడి టెంకలే ఎక్కువ. పీచు లోపలి చక్రానికి చుట్టుకుంటుంది, టెంక అసలే నలగదు. తీసేశాక తడి చెత్తను వేరుగా పెట్టి నగరపాలక సంస్థ బండికి ఇవ్వాలి. బెజవాడ ఎండల్లో ఒక్క రోజు మరిచినా వాసన ఖాయం, ఆ ఇబ్బంది ఉంది.

గ్రైండర్ బిగించే సింకు రంధ్రం సాధారణంగా 90 మిల్లీమీటర్లు. వన్‌టౌన్‌లో దాని బదులు పెట్టే జాలీ, వంపు గొట్టం కొనేముందు ఆ కొలత రాసుకుని వెళ్లండి.