కీబీఆర్: సూత్రాలు చెప్పకుండా వేళ్లకు టైపింగ్ నేర్పే సైటు

టైపింగ్ నేర్పే పాఠాలు చాలావరకు ఏ వేలు ఏ కీ మీద ఉండాలో కంఠస్థం చేయించడంతో మొదలవుతాయి. కీబీఆర్ డాట్ కామ్ అనే ఉచిత వెబ్‌సైటు ఆ దారిన వెళ్లదు. ఇంగ్లిష్ పాఠాన్ని ఇ, ఎన్, ఐ, ఎ, ఆర్, ఎల్ అనే ఆరు అక్షరాలతో మొదలుపెట్టి, వాటితోనే పదాలు అల్లి మన ముందు ఉంచుతుంది. వాటిలో ఎక్కువ భాగం నిఘంటువులో దొరకని పదాలే అయినా నోటితో పలకడానికి వీలుగా ఉంటాయి, ఎందుకంటే ఇంగ్లిష్‌లో ఏ అక్షరం తర్వాత ఏది తరచుగా వస్తుందో ఆ లెక్క ప్రకారమే సైటు వాటిని తయారుచేస్తుంది. ఉన్న అక్షరాల మీద నిర్ణీత వేగం సాధించాక మరో అక్షరం వచ్చి చేరుతుంది. కొంతకాలంగా దీనితో సాధన చేస్తున్న నాకు, అర్థం లేని పదాలతో నేర్పాలన్న ఆ నిర్ణయమే ఈ సైటుకు అసలు బలంగా కనిపిస్తున్నది.

మెదడు వరుసలను, అంటే ఒకదాని వెంట ఒకటి వచ్చే క్రమాలను, నేర్చుకునే తీరుకు ఈ పద్ధతి చాలా దగ్గరగా ఉన్నది. 1967లో మనస్తత్వ శాస్త్రవేత్త ఆర్థర్ రీబర్ కొన్ని దాగిన నియమాల ప్రకారం కూర్చిన అక్షరమాలికలను మనుషుల చేత గుర్తుపెట్టించాడు. ఆ తర్వాత కొత్త మాలికలు చూపిస్తే, నియమం ఏమిటో సరిగ్గా చెప్పలేని వారు కూడా ఏది నియమానికి లోబడినదో గుడ్డి ఊహకు మించి గుర్తించగలిగారు. 1996లో జెన్నీ సాఫ్రన్, ఆమె సహచరులు ఎక్కడా విరామం లేని అక్షరధ్వనుల ప్రవాహాన్ని ఎనిమిది నెలల పసిపిల్లలకు రెండు నిమిషాలు వినిపించినప్పుడు, ఏ ధ్వని వెంట ఏది వస్తుందన్న సంభావ్యత ఒక్కటే ఆధారంగా పిల్లలు అందులోని పదాలను విడదీసి పట్టుకున్నారు. కీబీఆర్ పదాలకు అర్థం ఉండదు కాబట్టి మనసు అర్థం వైపు పోదు, మిగిలేది వరుస ఒక్కటే. ఎ తర్వాత ఎన్ పదేపదే వస్తుంటే, ఎడమ చిటికెన వేలు ఎ ను ఇంకా వదలకముందే కుడి చూపుడు వేలు కీబోర్డు కింది వరుసకు జారడం మొదలుపెడుతుంది. దానికి ఆ పని ఎవరూ చెప్పి ఉండరు.

పాఠం కింద కనిపించే కీబోర్డు బొమ్మ మొదట్లో సాయపడుతుంది. అక్షరాల చోట్లు కాస్త పట్టుబడగానే దానిని దాచేయమనే నా సలహా. 2014లో వెలువడిన ఒక అధ్యయనంలో, నిమిషానికి సగటున 72 పదాల వేగంతో టైపు చేసేవారికి ఖాళీ కీబోర్డు బొమ్మ ఇచ్చి అక్షరాలు నింపమంటే సగటున 15 మాత్రమే సరైన చోట పెట్టగలిగారు. వేళ్లకు తెలిసినదంతా మాటల్లోకి రాదన్నమాట. అంతకుముందు గోర్డన్ లోగన్, మాథ్యూ క్రంప్ చేసిన మరో ప్రయోగంలో, ఒక చేతికి చెందిన అక్షరాలనే కొట్టమని చెప్పగానే నిపుణుల వేగం బాగా పడిపోయింది, ఎందుకంటే ఏ అక్షరం ఏ చేతిదో చూసుకోవలసి రావడమే వారికి అడ్డయింది. బొమ్మ వంక చూస్తూ ప్రతి వేలినీ లెక్కగట్టే అభ్యాసకుడు కూడా తనకు తాను అలాంటి అడ్డే పెట్టుకుంటున్నాడని నా అభిప్రాయం.

ఈ సైటులో నాకు అసంతృప్తి కలిగించేది పాఠం పైన కనిపించే సూచిక. అది ఒక్కో కీకి విడిగా రంగు వేసి, ఏ అక్షరంలో వెనుకబడ్డామో చూపుతుంది. అయితే వేళ్లు తడబడేది కీ దగ్గర కాదు, ఒక కీ నుంచి మరో కీకి వెళ్లే దారిలో. యు, ఎన్ రెండూ కుడి చూపుడు వేలివే కాబట్టి ఆ వేలు పై వరుస నుంచి కింది వరుసకు తానే దిగి రావాలి. ఎ తర్వాత వచ్చే ఎన్‌కు ఆ ఇబ్బంది లేదు. రెండింటినీ కలిపి ఎన్‌కు ఒకే రంగు వేస్తే లోపం ఏ జంటలో ఉన్నదో తెలియదు. వరుసలనే నమ్ముకుని పాఠాలు తయారుచేసే సైటు, ఫలితాలను కూడా అక్షరాల జంటల వారీగా చూపించి ఉంటే ఎంతో బాగుండేది.

దీని నుంచి ఏమి ఆశించకూడదో కూడా చెప్పాలి. 1987లో మేరీ జో నిస్సెన్, పీటర్ బుల్లెమర్ తెర మీద నాలుగు చోట్ల వెలిగే దీపాలకు తగిన బటన్లు నొక్కించినప్పుడు, పది స్థానాల వరుస తిరిగి తిరిగి వస్తే స్పందన వేగం బాగా పెరిగింది, క్రమం లేకుండా వెలిగిస్తే అంతగా పెరగలేదు. కోర్సకోఫ్ వ్యాధితో జ్ఞాపకశక్తి తీవ్రంగా దెబ్బతిన్నవారు సైతం, అక్కడొక వరుస ఉందని గమనించకుండానే దానిని నేర్చుకున్నారు. అంటే పెరిగేది ఆ వరుస మీది పట్టు, అంతే తప్ప మొత్తం జ్ఞాపకశక్తి కాదు. ఇంగ్లిష్ వరుసల మీద సంపాదించిన వేగం అంకెలకూ గుర్తులకూ దానంతట అది రాదు, కాబట్టి వాటిని విడిగా సాధన చేయాలి. కీల వంక చూడకుండా టైపు చేయలేనివారికి ఈ సైటును గట్టిగా సిఫారసు చేస్తాను. ఇప్పటికే వేగంగా టైపు చేసేవారికి మాత్రం ఆరు అక్షరాల మొదటి పాఠాలు విసుగు పుట్టించవచ్చు.