డైటీషియన్ కావాలంటే ఏది మేలు: ఎం.ఎస్సీ.నా, పీజీ డిప్లొమానా, విదేశమా?

బీఎస్సీ న్యూట్రిషన్ ఆఖరి ఏడాదికి వచ్చేసరికి ప్రతి ఇంట్లోనూ ఇదే చర్చ. రెండేళ్లు పెట్టి ఎం.ఎస్సీ. చేయాలా? ఏడాదిలో పీజీ డిప్లొమా ముగించుకుని ఏదో ఒక ఆసుపత్రిలో చేరిపోవాలా? అప్పో సప్పో చేసి యూకే విమానం ఎక్కాలా? ఆసుపత్రిలో ఇంటర్న్‌లకు పని నేర్పేదాన్ని కాబట్టి నా మాట ముందే చెప్పేస్తాను. కోర్సు పేరు తర్వాత చూడండి. ఆ కోర్సు మిమ్మల్ని పేషెంట్ మంచం పక్కన ఎన్నాళ్లు నిలబెడుతుందో ముందు అడగండి.

ఎందుకంత గట్టిగా అంటున్నానో చెబుతాను. కొత్తగా వచ్చిన అమ్మాయి షుగర్ పేషెంట్ దగ్గర కూర్చుని, నిన్న పొద్దుటి నుంచి రాత్రి వరకు ఏం తిన్నారో అడిగి రాసుకుంటుంది. దీన్నే 24 గంటల రీకాల్ అంటాం. 'అన్నం రెండు కప్పులు' అని రాస్తుంది. ఏ కప్పు? పుస్తకంలో కప్పుకి ఒక కొలత ఉంది, ఆ పెద్దాయన ఇంట్లో కప్పే లేదు. 'అన్నం గరిటెతో ఎన్నిసార్లు వడ్డించుకుంటారు? మారు అన్నం పెట్టుకుంటారా? పెరుగులోకి మళ్లీ వేరేగానా?' అని అడిగితే అప్పుడు అసలు లెక్క బయటికొస్తుంది. ఆవకాయ, పప్పులో నెయ్యి, సాయంత్రం టీలో పంచదార వంటివి చాలామంది తిండి కింద జమకట్టరు. అడిగితేనే చెబుతారు.

డయాలసిస్ వార్డు ఇంకో బడి. పరామర్శకు వచ్చిన చుట్టాలు ప్రేమగా కొబ్బరి బొండాం పట్టుకొస్తారు. కొబ్బరి నీళ్లలో పొటాషియం ఎక్కువ. కిడ్నీలు పనిచేయని మనిషి ఒంట్లో అది పేరుకుపోతే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. ఆ సంగతి చుట్టాల మనసు నొప్పించకుండా చెప్పాలి, అంతకంటే ముందు ఆ రోజు రిపోర్టులో పొటాషియం ఎంతుందో చూసుకోవాలి. దీన్ని సెమిస్టర్ పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్నగా రాసిన పిల్లలు కూడా వార్డులో మొదటిసారి తడబడతారు. మూడో వారానికి కుదురుకుంటారు. ఆ వారాలు దొరకని కోర్సు ఎంత పేరున్నదైనా డైటీషియన్‌ని తయారు చేయలేదు.

ఇక పోల్చి చూద్దాం. ఎం.ఎస్సీ. బలం దాని లోతులో ఉంది. నాలుగు సెమిస్టర్లలో బయోకెమిస్ట్రీ, జబ్బును బట్టి ఆహార చికిత్స, గణాంకాలు, చివర్లో సొంతంగా ఒక పరిశోధన. కొత్త అధ్యయనం వచ్చిందని వాట్సాప్‌లో తిరిగినప్పుడు అందులో పస ఎంతో తేల్చుకునే చూపు ఇక్కడే వస్తుంది. తలుపులు కూడా ఎక్కువ తెరుచుకుంటాయి. మూడేళ్ల డిగ్రీ చదివినవాళ్లు యూజీసీ నెట్‌లో (లెక్చరర్ అర్హత పరీక్ష) హోమ్ సైన్స్ రాయాలన్నా, పీహెచ్‌డీకి వెళ్లాలన్నా పీజీ డిగ్రీ కావాలి. ఎయిమ్స్ వంటి సంస్థల నోటిఫికేషన్లలోనూ ఎం.ఎస్సీ. అడగడం మామూలే.

మన దగ్గర తెలంగాణలో సీపీగెట్, ఆంధ్రప్రదేశ్‌లో ఏపీ పీజీసెట్ అనే ప్రవేశ పరీక్షల ద్వారా యూనివర్సిటీ సీట్లు వస్తాయి. వ్యవసాయ విశ్వవిద్యాలయాల కమ్యూనిటీ సైన్స్ కాలేజీలు, అంటే ఒకప్పటి హోమ్ సైన్స్ కాలేజీలు, హైదరాబాద్ సైఫాబాద్‌లోనూ గుంటూరు దగ్గర లాంలోనూ ఉన్నాయి. ఆహార పరిశోధన మీద మనసున్నవాళ్లకు అవి మంచి చోట్లు.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ గురించి విడిగా చెప్పాలి. 1918లో కూనూరులో బెరిబెరి జబ్బు మీద పరిశోధనకు చిన్నగా మొదలై, 1958లో హైదరాబాద్ వచ్చింది. దేశమంతా డైటీషియన్లు లెక్కలకు వాడే ఆహార పదార్థాల పోషక విలువల పట్టికలు అక్కడివే. ఆ సంస్థలో ఎం.ఎస్సీ. అప్లైడ్ న్యూట్రిషన్ ఉంది, దానికి వేరే ఎంట్రన్స్ రాయాలి. ఆ కోర్సు మొగ్గు ప్రజారోగ్యం వైపు. రక్తహీనత, అంగన్‌వాడీ పిల్లల ఎదుగుదల, ఊళ్లలో సర్వేలు ఇష్టమైతే అంతకు మించిన చోటు మనకు లేదు. ఐసీయూలో పనిచేయాలన్నదే మీ కోరికైతే, ఆ తర్వాత ఆసుపత్రి ఇంటర్న్‌షిప్ గట్టిగా చేసుకోవాలి.

పీజీ డిప్లొమాని చిన్నచూపు చూసేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. ఏడాది చదువు, ఆపైన ఇంటర్న్‌షిప్. మంచి ఆసుపత్రితో ముడిపడిన డిప్లొమా అయితే పని చేతికి త్వరగా వస్తుంది. ఇంట్లో జీతం తొందరగా రావాల్సిన అవసరం ఉన్నవాళ్లకు, పెళ్లయి పిల్లలు పుట్టాక మళ్లీ చదువు మొదలుపెట్టేవాళ్లకు ఇది న్యాయమైన దారి. రైల్వే పారామెడికల్ నోటిఫికేషన్‌నే తీసుకోండి. డైటీషియన్ పోస్టుకు (వేతన లెవల్ 7, మొదటి మూల వేతనం 44,900 రూపాయలు) బీఎస్సీ మీద ఏడాది పీజీ డిప్లొమా, ఆసుపత్రిలో మూడు నెలల ఇంటర్న్‌షిప్ ఉన్నవాళ్లూ అర్హులే. ఎం.ఎస్సీ. వాళ్లతో సమానంగా పోటీ పడొచ్చు. పోస్టులు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఉంటాయి. 1963 నుంచి ఉన్న ఇండియన్ డైటెటిక్ అసోసియేషన్ పెట్టే రిజిస్టర్డ్ డైటీషియన్ పరీక్ష కూడా ఇంటర్న్‌షిప్ పూర్తయితే ఎం.ఎస్సీ. వాళ్లూ డిప్లొమా వాళ్లూ రాయొచ్చు. పెద్ద ఆసుపత్రులు ఆర్‌డీ అన్న ఆ రెండక్షరాలకు విలువిస్తాయి. డిప్లొమా వాళ్లకు ఇబ్బంది వచ్చేది ఆ తర్వాతే: లెక్చరర్ ఉద్యోగం, పరిశోధన, విదేశం వైపు వెళ్లాలనుకున్నప్పుడు మళ్లీ ఎం.ఎస్సీ. దగ్గరికి రావాల్సిందే.

దూరవిద్య సంగతి ఇక్కడే చెప్పాలి. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం డైటీషియన్లను ఆరోగ్య వృత్తుల్లో ఒకటిగా గుర్తించింది. దాన్ని అనుసరించి, 2025 జులై-ఆగస్టు సెషన్ నుంచి క్లినికల్ న్యూట్రిషన్ అండ్ డైటెటిక్స్ వంటి కోర్సులను దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడపకూడదని యూజీసీ తేల్చి చెప్పింది. నా దృష్టిలో ఇది ఎప్పుడో రావాల్సిన నిర్ణయం. ఇంకా ఎవరైనా 'మూడు నెలల్లో ఇంట్లో కూర్చుని డైటీషియన్' అని ప్రకటన ఇస్తుంటే ఆ డబ్బు మీ దగ్గరే ఉంచుకోండి.

విదేశం విషయంలో మన పిల్లలు ఎక్కువగా దెబ్బతినేది యూకేలో. అక్కడ డైటీషియన్ అన్న పేరుకు చట్టరక్షణ ఉంది, ఆరోగ్య వృత్తులవాళ్లను నమోదు చేసే హెచ్‌సీపీసీ అనే సంస్థలో రిజిస్టర్ కాకుండా వాడుకోకూడదు. అక్కడి చదువుల్లో ఆ రిజిస్ట్రేషన్‌కి దారితీసేవి ఆ సంస్థ ఆమోదించిన డైటెటిక్స్ కోర్సులు మాత్రమే. ప్లేస్‌మెంట్లతో, అంటే ఆసుపత్రి శిక్షణతో కలిపి మామూలుగా రెండేళ్లు పడుతుంది. ఏడాదిలో అయిపోయే ఎం.ఎస్సీ. హ్యూమన్ న్యూట్రిషన్, క్లినికల్ న్యూట్రిషన్ చదువుగా మంచివే కానీ వాటితో అక్కడ డైటీషియన్ కాలేరు. కన్సల్టెన్సీ ఆఫీసులో ఈ మాట ఎవరూ చెప్పకపోవచ్చు. ఫీజు కట్టకముందే హెచ్‌సీపీసీ వెబ్‌సైట్‌లో ఆమోదిత కోర్సుల జాబితాలో మీ కోర్సు ఉందో లేదో మీరే చూసుకోండి. ఇక్కడ చదివి, పనిచేసి, అక్కడి రిజిస్ట్రేషన్‌కి నేరుగా దరఖాస్తు చేసే దారి కూడా ఉంది. అమెరికాలో 2024 జనవరి నుంచి రిజిస్ట్రేషన్ పరీక్ష రాయాలంటే మాస్టర్స్ తప్పనిసరి. ఆస్ట్రేలియాలో డైటీషియన్స్ ఆస్ట్రేలియా అనే వృత్తి సంఘం గుర్తించిన మాస్టర్స్ చేయాలి, లేదా బయట చదివినవాళ్లు వాళ్ల పరీక్షలు గట్టెక్కాలి.

అక్కడే స్థిరపడాలన్న నిర్ణయం ఉంటే విదేశీ కోర్సు ఖర్చుకు అర్థం ఉంది. చదివొచ్చి విజయవాడలోనో వరంగల్‌లోనో ప్రాక్టీస్ పెట్టాలనుకుంటే అంత అప్పు వద్దంటాను. జొన్న రొట్టె, రాగి సంకటి, ఉలవచారు తినే మనిషికి డైట్ చార్ట్ రాయడం ఇక్కడి వార్డుల్లోనే బాగా వస్తుంది.

న్యూట్రిషన్ చదివి, ఇంట్లో రెండేళ్లు ఆగగలిగితే ఎం.ఎస్సీ.కే నా ఓటు. ఆగలేకపోతే ఆసుపత్రితో ముడిపడిన డిప్లొమా. ఆసుపత్రి పొత్తు లేని ఎం.ఎస్సీ. ఒకవైపు, గట్టి ఇంటర్న్‌షిప్ ఉన్న డిప్లొమా ఇంకోవైపు ఉంటే, ఆసుపత్రి ఉద్యోగం కోసం నేను డిప్లొమానే ఎంచుకోమంటాను. అడ్మిషన్‌కి ముందు ఆ కాలేజీ సీనియర్లని పట్టుకుని ఇవి అడగండి: ఏ ఆసుపత్రికి పంపుతారు? మీ పైన ఆర్‌డీ ఉన్న డైటీషియన్ ఉంటారా? ఐసీయూలో ట్యూబ్ ఫీడ్ (గొట్టం ద్వారా ఇచ్చే ఆహారం) లెక్క మీ చేత వేయిస్తారా? డైట్ కిచెన్‌లో ట్రేలు సర్దేటప్పుడు ఉంచుతారా? కేస్ షీట్‌లో మీరు రాసింది ఎవరైనా చదివి దిద్దుతారా? దూరంగా నిలబడి చూడటమే అని సీనియర్లు చెబితే వేరే కాలేజీ వెతుక్కోండి.