పశువైద్య విద్యార్థి దృష్టిలో ఇంటర్‌రైల్ పాస్

ఐరోపాలో పశువైద్యం చదివేవారికి పర్యాటకుల్లాగా నెలల ముందే తేదీలు ఖరారు చేసుకునే వీలు ఉండదు. పశువులు ఈనే కాలంలో ఆసుపత్రి డ్యూటీ వారాంతంలోకి పాకుతుంది, శిక్షణకు రమ్మన్న పశువుల ఫారం ముందురోజు సాయంత్రం వద్దని కబురు పెడుతుంది, ఎదురుచూడని సమయంలో రెండు రోజులు ఖాళీ దొరుకుతాయి. అటువంటి చదువుకు, ఒకే టికెట్‌తో పలు ఐరోపా దేశాల రైళ్లలో తిరగనిచ్చే ఇంటర్‌రైల్ గ్లోబల్ పాస్ ఎంతవరకు ఉపకరిస్తుందో చెప్పడమే ఈ సమీక్ష ఉద్దేశం. తేదీలు తన చేతిలో లేని విద్యార్థికి ఇంతకన్నా మంచి టికెట్ లేదని నా నిశ్చితాభిప్రాయం. అయితే ఫ్రాన్స్, ఇటలీ, స్పెయిన్ దేశాల వేగరైళ్లలోనే ఎక్కువగా తిరగదలచినవారు మాత్రం బాగా లెక్క చూసుకుని కొనాలి.

1972లో మొదలైన ఈ పాస్ ఇప్పుడు 33 దేశాల్లో చెల్లుతుంది, 27 ఏళ్ల వయసు వరకు ఉన్నవారికి ధర తగ్గుతుంది. చాలామంది తికమకపడేది ఏ పాస్ కొనాలన్న దగ్గరే. ఐరోపా వెలుపల నివసించేవారు కొనవలసింది యూరైల్ పాస్. చదువు కోసం వచ్చి ఏదైనా ఐరోపా దేశంలో నివాస అనుమతి పొందినవారు, ఏ దేశ పౌరులైనా సరే, ఇంటర్‌రైల్ కొనాలి. ఇంటర్‌రైల్‌కు ఒక గట్టి నిబంధన ఉంది: మనం నివసించే దేశంలో దానిని బయటికి వెళ్లేటప్పుడు ఒక రోజు, తిరిగి వచ్చేటప్పుడు మరో రోజు మాత్రమే వాడుకోవచ్చు. హనోవర్‌లో చదువుతూ జర్మనీలోని ఫారాలన్నీ దీనితోనే చుట్టి వద్దామనుకునేవారికి ఈ పాస్ పనికిరాదు.

పాస్‌లు రెండు రకాలు. వరుసగా ఇన్ని రోజులని చెల్లేది ఒకటి, ఒక గడువులో, ఉదాహరణకు రెండు నెలల్లో, మనకు నచ్చిన 10 లేదా 15 రోజులు ప్రయాణించనిచ్చేది మరొకటి. పశువైద్య విద్యార్థి కళ్లు మూసుకుని రెండోదే ఎంచుకోవచ్చు. దానికి కారణం మన వృత్తిలోనే ఉంది. పందుల ఫారాల్లో చాలాచోట్ల, రోగాలు మోసుకురాకుండా, వేరే మంద దగ్గరికి వెళ్లి వచ్చినవారిని 48 గంటలు, ఒక్కోచోట అంతకన్నా ఎక్కువసేపు గడిచేదాకా లోపలికి రానివ్వరు. పందులకు ప్రాణాంతకమైన ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ 2020లో జర్మనీ అడవిపందులలో బయటపడ్డాక ఈ కట్టుబాటు అక్కడ మరింత బిగిసింది. 2025 జనవరిలో బెర్లిన్ పక్కనున్న బ్రాండెన్‌బర్గ్‌లో నీటి గేదెలకు గాలికుంటు వ్యాధి సోకింది, మార్చిలో అది హంగరీలో, స్లొవాకియాలో కనిపించింది. అటువంటి రోజుల్లో ఫారం రావద్దంటే, తేదీలు ముద్రించిన చవక టికెట్ చేతిలో ఉంటే ఆ డబ్బు పోయినట్టే. పాస్ ఉన్నవారికి ఆ ప్రయాణ దినం ఖర్చు కాకుండా అలాగే మిగిలి ఉంటుంది.

జర్మనీ, ఆస్ట్రియా, నెదర్లాండ్స్, డెన్మార్క్ దేశాల్లో ఈ పాస్ విలువ పూర్తిగా తెలుస్తుంది, ఎందుకంటే అక్కడి దేశీయ రైళ్లలో చాలావాటికి సీటు రిజర్వేషన్ తప్పనిసరి కాదు. ఫోన్‌లోని యాప్‌లో రైలు ఎంచుకుని ఎక్కి కూర్చోవడమే. బెర్లిన్ ప్రధాన స్టేషన్‌లో దిగి కొంచెం నడిస్తే, బ్రాండెన్‌బర్గ్ గేటును రూపొందించిన కార్ల్ గొట్టార్డ్ లాంగ్‌హాన్స్ 1790 నాటికి కట్టించిన పశు శరీర నిర్మాణశాస్త్ర మందిరం వస్తుంది. వలయాకారంలో మెట్టుమెట్టుగా పైకి లేచే బల్లల మధ్య నిలబడి కిందికి చూస్తే, కోతకు సిద్ధం చేసిన కళేబరాన్ని కింది అంతస్తు నుంచి పైకి లేపే ఏర్పాటు ఎక్కడ ఉండేదో, ఎంత వెనక కూర్చున్న విద్యార్థికైనా గుర్రం పొట్టలోని పేగుల అమరిక ఎలా కనబడేదో అర్థమవుతుంది. రెండు రైళ్ల మధ్య దొరికిన ఖాళీలో అంత చదువు దక్కడం నాకు ఈ పాస్ చేసిన పెద్ద మేలు.

వియన్నాకు రాత్రి రైలులో వెళ్లడం ఉత్తమం. అర్ధరాత్రికి ముందే ఎక్కి తెల్లవారాక దిగినా, ఆ తరువాత మరో రైలు ఎక్కనంతవరకు ఒక్క ప్రయాణ దినమే ఖర్చవుతుంది. పడక రుసుము మాత్రం వేరుగా కట్టాలి. మరియా థెరీసా 1765లో నెలకొల్పిన పశువైద్య పాఠశాల ఇప్పుడు విశ్వవిద్యాలయంగా ఫ్లోరిడ్స్‌డోర్ఫ్ ప్రాంతంలో ఉంది. అక్కడికి వెళ్లే ఎస్-బాన్ అనే నగర రైళ్లను ఆస్ట్రియా రైల్వే నడుపుతుంది కనుక పాస్ చెల్లుతుంది, ట్రామ్‌లకు చెల్లదు. స్లొవేనియాలో లిపిట్సా అశ్వశాలను 1580లో స్థాపించారు; దానికి దగ్గరి స్టేషన్ సెజానా, ఆపైన కొన్ని కిలోమీటర్లు రోడ్డు మీద వెళ్లాలి. అక్కడి లిపిజానర్ జాతి గుర్రాల పిల్లలు నల్లగానో ముదురు గోధుమ వన్నెలోనో పుట్టి ఏళ్లు గడిచేకొద్దీ తెల్లబడతాయి. ఆ మార్పు తెచ్చే జన్యువే ముదిమిలో మెలనోమా అనే చర్మపు కణితులకు కూడా దారి తీస్తుంది కనుక, తెల్లటి గుర్రం తోక కింద నల్లటి గడ్డల కోసం వేళ్లతో తడిమి చూడడం ఇక్కడికి వచ్చే విద్యార్థికి తెలిసి ఉండాలి.

ఫ్రాన్స్‌లో పరిస్థితి వేరు. టీజీవీలనే అక్కడి వేగరైళ్లకు రిజర్వేషన్ తప్పనిసరి, దేశీయ ప్రయాణానికి సాధారణంగా 10 నుంచి 20 యూరోలు పడుతుంది, సరిహద్దు దాటే వేగరైళ్లలో పాస్‌దారులకు కేటాయించే సీట్లు పరిమితం కావడంతో సెలవుల్లో అవి త్వరగా అయిపోతాయి. తేదీల స్వేచ్ఛ కోసం కొన్న పాస్‌కు ఇది నిజమైన లోపం. వీలైతే ప్రాంతీయ రైళ్లలో నెమ్మదిగా వెళ్లడం మేలు. అయినా పారిస్ పక్కనున్న మేజోన్-అల్ఫోర్‌కు తప్పక వెళ్లాలి. 1761లో లియోన్‌లో ప్రపంచపు తొలి పశువైద్య పాఠశాలకు అనుమతి పొందిన క్లోద్ బూర్జెలా, కొద్ది ఏళ్లకే ఇక్కడ రెండోది నెలకొల్పాడు. దాని ఫ్రాగొనార్ మ్యూజియంలో చర్మం ఒలిచి ఎండబెట్టిన గుర్రం మీద మనిషి స్వారీ చేస్తున్నట్టు నిలిపిన రూపం ఉంది. రక్తనాళాల్లోకి రంగు మైనం ఎక్కించి భద్రపరచిన ఆ గుర్రం ముఖం మీద ధమని శాఖలను ఇప్పటికీ ఒక్కొక్కటిగా గుర్తుపట్టవచ్చు. పాఠ్యపుస్తకంలోని బొమ్మ ముందు గంటలు గడిపినా రాని స్పష్టత అది. అక్కడికి వెళ్లే 8వ నంబరు మెట్రోకు వేరే టికెట్ కొనాలి.

ఫారాల విషయంలో పాస్ నుంచి ఎక్కువ ఆశించకూడదు. రైలు పట్టణం దాకానే తీసుకెళ్తుంది, పాడి ఫారాలు అక్కడికి ఎంతో దూరాన ఉంటాయి, పల్లె బస్సులకు ఈ పాస్ సాధారణంగా చెల్లదు. స్టేషన్ నుంచి ఎవరు తీసుకెళ్తారో ముందే అడిగి తెలుసుకున్నాకే ప్రయాణ దినాన్ని యాప్‌లో ప్రారంభించాలి. గమ్‌బూట్లను ఫారంలోనే బురద పోయేలా కడిగి, క్రిమినాశినిలో ముంచి, ఆరాక మూతి బిగించే సంచిలో పెట్టుకోవాలి. ఫారంలో బట్టల మీద తొడిగే ఓవరాల్‌ను ఉతకకుండా దానితో ఇంకో దేశపు రైలు ఎక్కకూడదు. ఫారం వారే బూట్లు, ఓవరాల్ ఇస్తామంటే సొంతవి వెంట తీసుకెళ్లకపోవడమే మంచిది, సామాను కూడా తేలికవుతుంది.