77, 78: రష్యా నంబర్ ప్లేట్ల మీద మాస్కో, పీటర్స్‌బర్గ్

రష్యా కార్ల నంబర్ ప్లేటుకి కుడి చివర ఉండే అంకెలు ప్రాంతం కోడ్. కోడ్‌ల వరసలో ముందు రిపబ్లిక్‌లు, తర్వాత క్రాయ్‌లు, ఆపైన ఓబ్లాస్త్‌లు (ఈ మూడూ రష్యాలో రాష్ట్రాల్లాంటి ప్రాంతాలే), వాటి తర్వాత ప్రత్యేక హోదా ఉన్న నగరాలు. అందుకే మాస్కోకి 77, సెయింట్ పీటర్స్‌బర్గ్‌కి 78 పక్కపక్కనే వచ్చాయి.

పక్కపక్కనే మొదలైనా దారులు వేరు. ప్లేటు మీద మూడు అక్షరాలు, మూడు అంకెలు. అక్షరాలు కూడా లాటిన్‌లో అలాగే కనిపించే 12 సిరిలిక్ (రష్యన్ లిపి) అక్షరాలే. అంటే ఒక కోడ్ కింద సుమారు 17 లక్షల నంబర్లే కుదురుతాయి. మాస్కోకి అవి ఏ మూలకీ సరిపోలేదు. 77 తర్వాత 97, 99, 177, 197, 199, 777, 797, 799, 977... వరస పెరుగుతూనే ఉంది. పీటర్స్‌బర్గ్‌ది చిన్న కుటుంబం: 78, 98, 178, 198. గుర్తుపెట్టుకోవడానికి నా ఓటు దీనికే.

నగరాల చుట్టూ ఉన్న ఓబ్లాస్త్‌లతో మాత్రం రెండుచోట్లా తికమకే. మాస్కో ఓబ్లాస్త్‌కి 50, 90, 150, 190, 750 లాంటివి. లెనిన్‌గ్రాద్ ఓబ్లాస్త్‌కి 47, 147. లెనిన్‌గ్రాద్ నగరం పేరు పీటర్స్‌బర్గ్‌గా మారినా ఆ ఓబ్లాస్త్ పాత పేరు వదల్లేదు, అది వేరే కథ.

కోడ్ చూసి ఓనర్ ఊరు చెప్పేద్దామనుకుంటే కష్టం. 2013 నుంచి కారు వేరే ప్రాంతానికి అమ్మినా పాత ప్లేటే ఉంచుకోవచ్చు. 78 ఉన్న కారు ఏళ్ల తరబడి మాస్కోలోనే తిరుగుతుండొచ్చు.