పదిహేను వందలిచ్చి మరీ రాజహంసలను తరిమేశాం

గద్వాల దగ్గరి జూరాల డ్యామ్‌కు రాజహంసలను, అంటే ఫ్లెమింగోలను, చూడ్డానికి వెళ్లేవాళ్లకు ముందే చెబుతున్నా, పడవ మాత్రం ఎక్కకండి. మేము ఎక్కాం. 1,500 పోయింది, పిట్టలూ పోయాయి.

ఫిబ్రవరి చివర్లో ఒక శనివారం నల్లగొండ నుంచి కారులో బయల్దేరాం. నేను, మా ఆవిడ, ఏడో తరగతి పాప, కొత్త కెమెరా కొన్న ఉత్సాహంలో ఉన్న మా బావమరిది. దారి గురించి చెప్పడానికేమీ లేదు, డీజిల్‌కు 2,700 అయింది. సాయంత్రం డ్యామ్ దగ్గర జొన్నరొట్టె, బొచ్చె చేపల వేపుడు. నలుగురికి 620. పాప రెండో ప్లేటు అడిగిందంటే అర్థం చేసుకోండి.

రాత్రి గద్వాలలో లాడ్జి. ఫోన్లో 1,200 అన్న గది కౌంటర్ దగ్గరికి వచ్చేసరికి 1,600 అయింది. "నలుగురున్నరు గద సార్" అన్నాడు. నలుగురమని ఫోన్లోనే చెప్పాను! వేడినీళ్లు బకెట్‌కు 30. తెల్లారి నాలుగున్నరకు గేటుకు తాళం. బావమరిది గేటు పట్టుకుని ఊపితే గానీ వాచ్‌మన్ లేవలేదు.

వెలుగు వచ్చేసరికి బ్యాక్‌వాటర్ ఒడ్డున ఉన్నాం. దూరంగా నీళ్ల మీద ఒక తెల్లటి చార. బైనాక్యులర్ పెడితే అరవై దాకా రాజహంసలు. అక్కడే ఆగాల్సింది. మోటారు పడవతను వచ్చి "దగ్గరికి తీస్కపోత సార్, సెల్లుల గూడ మస్తుగ వస్తయి ఫోటోలు" అన్నాడు. బేరమాడినా రూపాయి తగ్గలేదు.

పడవ సగం దూరం పోయిందో లేదో, నీళ్లలో ఉన్న తలలన్నీ లేచాయి. తర్వాత గుంపంతా ఒకే వైపు తిరిగి గబగబా నడక మొదలుపెట్టింది. అది "ఇక రావద్దు" అని చెప్పడమే. ఆపమంటే పడవతను ఇంకాస్త స్పీడు పెంచాడు. అవి నీళ్ల మీద పరుగెత్తి పైకి లేచాయి. రెక్కలు విప్పితే ఎరుపు, నలుపు. బాగానే ఉంది, పది సెకన్లు. "చూసిర్రు గద" అని పడవ తిప్పాడు. బావమరిది కెమెరాలో అన్నీ తోకలే. మా ఆవిడ మాత్రం లెక్క గుర్తు పెట్టుకుంది: ఈ డబ్బు చీరకు కలిపితే వచ్చే గద్వాల జరీ గురించి ఒడ్డు చేరేదాకా చెప్పింది.

ఒడ్డు మీద గొర్రెలు మేపుతున్న పెద్దాయన అంతా చూస్తూనే ఉన్నాడు. "మోటరుకు బెదిరినయి. మల్ల ఈ మడుగులకే వస్తయి. పొద్దును ఎనక పెట్టుకొని గా తుమ్మచెట్టు కింద సప్పుడు జేయకుండ కూసోండి."

కూర్చున్నాం. గంటన్నరకు నిజంగానే వచ్చాయి, వరస కట్టి. మాకు రెండు వందల అడుగుల దూరంలో దిగాయి. మోకాలి లోతు నీళ్లలో కాళ్లతో బురద తొక్కుతూ, తల కిందులు చేసి ముక్కును నీళ్లలో ముంచుతాయి. నాలుకతో నీళ్లు లోపలికి లాగి, వదిలేటప్పుడు చిన్న చిన్న పురుగులను, నాచును ముక్కులోనే వడగట్టుకుంటాయి. ముక్కు చివర మాత్రమే నలుపు, అంటే ఇవి గ్రేటర్ ఫ్లెమింగోలు. ఆ మధ్యలో బూడిద రంగువి నాలుగైదు కనిపిస్తే "అవి వేరే పిట్టలా నాన్నా?" అంది పాప. కాదు, వీటి పిల్లలే. గులాబీ రంగు తిండి నుంచి వచ్చేదే, పూర్తిగా పట్టడానికి రెండు మూడేళ్లు పడుతుంది. వీటికి మన దేశంలో గుడ్లు పెట్టే పెద్ద స్థావరం గుజరాత్‌లోని కచ్ రణ్.

డ్యామ్ నిండుగా ఉన్నప్పుడు వెళ్లకండి, నిలబడి మేయడానికి వాటికి లోతు తక్కువ నీళ్లు కావాలి. ఎనిమిది రెట్లు దగ్గరగా చూపే 8x42 బైనాక్యులర్ చాలు. డ్రోన్ తెచ్చేవాళ్లు ఇంట్లోనే ఉండండి.

పెద్దాయనకు బైనాక్యులర్ ఇచ్చాను. పిట్టల వైపు ఒక్క క్షణం పెట్టి, అటు తిప్పి గట్టు వైపు చూశాడు. "అయ్యో, పల్లిచేన్ల వడ్డయిరా!" అని బైనాక్యులర్ నా ఒళ్లో పడేసి గొర్రెల కోసం పరుగు. ఆ కేకకు తలలన్నీ ఒక్కసారి లేచాయి. మేము ఊపిరి బిగబట్టాం. కాసేపు అటే చూసి, ఒక్కొక్కటిగా మళ్లీ ముక్కులు నీళ్లలో పెట్టాయి.