వేరు కొసన చీము: పన్ను పీకించాలా, రూట్ కెనాలా?

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు మనవాళ్లు దవడ వాస్తే ముందు మందుల షాపుకే వెళ్తారు. యాంటీబయాటిక్‌తో వాపు తగ్గుతుంది గానీ, ఎక్స్‌రేలో వేరు కొసన నల్లగా కనిపించే ఎముక గుంట అలాగే ఉంటుంది. సూక్ష్మజీవులు దాక్కున్న, పంటి వేరు లోపలి చచ్చిన నాళంలోకి రక్తం పారదు, మందు చేరదు.

పన్ను పీకిస్తే ఆ మూలం ఒక్క పూటలో పోతుంది, ఖర్చూ తక్కువే. కానీ ఖాళీ వదిలేస్తే పక్క పన్ను ఒరుగుతుంది.

రూట్ కెనాల్‌లో రబ్బర్ డ్యామ్ (ఉమ్మి తగలకుండా పంటి చుట్టూ బిగించే రబ్బరు తెర) వేసి, నాళం పొడవు కొలిచి, సన్నటి సూదుల్లాంటి ఫైళ్లతో గీకుతూ, సోడియం హైపోక్లోరైట్ అనే క్రిములను చంపే ద్రవంతో కడుగుతారు. చీము ఆగకపోతే కాల్షియం హైడ్రాక్సైడ్ మందు పెట్టి 1–4 వారాలు ఆగి, గట్టాపర్చా అనే రబ్బరులాంటి పదార్థంతో నింపుతారు. ఎముకను కోయకుండానే చాలావరకు గుంట పూడుతుంది. 6 నెలలకు, ఏడాదికి ఎక్స్‌రే తప్పనిసరి. పెద్ద గుంటకు 4 ఏళ్లూ పట్టొచ్చు. పైదవడ మొదటి దవడపన్నులో నాలుగో నాళం దొరక్కపోయినా, క్యాప్ వేయించక ఉమ్మి లోపలికి దిగినా మళ్లీ చీము పడుతుంది.

వేరు నిలువునా చీలితే పీకించడమే. నిలిచే పన్నయితే రూట్ కెనాలే మేలు. పన్ను చల్లదనానికి మామూలుగా స్పందిస్తుంటే ఆ గుంట పంటి వల్ల వచ్చింది కాకపోవచ్చు. రెండిటికీ తొందరపడకుండా దంత నిపుణుడితో కారణం తేల్చుకోవాలి. నోరు తెరవలేక, మింగలేక, మెడ వాస్తే మాత్రం ఆ రాత్రే బరంపురం పెద్దాసుపత్రికి వెళ్లండి.