డబ్బా మీద అంకె నమ్మి కొన్నాను: కామ్‌షాఫ్ట్‌కి తగ్గ టార్క్ కన్వర్టర్, నాలుగేళ్ల వాడకం

మాది డాలస్ పక్కన ఊరు. బండి 1978 షెవర్లే కమారో, 350 క్యూబిక్ అంగుళాల ఇంజన్, టర్బో 350 అనే ఆటోమేటిక్ గేర్‌బాక్స్, వెనక యాక్సిల్ గేరు నిష్పత్తి 3.42. నాలుగేళ్ల కిందట ఇంజన్ వాల్వుల్ని తెరిచి మూసే కామ్‌షాఫ్ట్ మార్చాను. 0.050 అంగుళాల లిఫ్ట్ దగ్గర ఇన్‌టేక్ 230 డిగ్రీలు, ఎగ్జాస్ట్ 236, లోబ్ సెపరేషన్ 110, అంటే వాల్వుల్ని ఎక్కువసేపు తెరిచి ఉంచే పెద్ద కామ్. దాని పుణ్యమా అని టార్క్ కన్వర్టర్, అంటే ఇంజన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించేది, రెండుసార్లు మార్చాల్సి వచ్చింది. ఇప్పుడున్న రెండోది 18,000 మైళ్లు తిరిగింది.

కామ్ వేసిన రోజు చప్పుడు వింటే ప్రాణం లేచొచ్చింది. డ్రైవ్‌లో వేయగానే ఇంజన్ ఆగిపోయింది. వాల్వుల ఓవర్‌ల్యాప్ (రెండు వాల్వులూ ఒకేసారి తెరిచి ఉండే సమయం) ఎక్కువ కాబట్టి ఐడిల్‌లో వాక్యూమ్ 17 అంగుళాల నుంచి 10కి పడిపోయింది, ఆ కాస్త బలం మీద పాత కన్వర్టర్ బరువు పడేసరికి తట్టుకోలేకపోయింది. ఐడిల్ పెంచితే సిగ్నల్ దగ్గర బండి ముందుకు పాకేది, బ్రేకు మీద నిలబడాల్సినంత పని. పక్కన కూర్చున్న మా ఆవిడ, "ఏవండీ, ఇది మీరు నడుపుతున్నారా, అదే నడుస్తోందా?" అంది.

లారీ తోలినవాళ్లకి హాఫ్ క్లచ్ అంటే విడమరిచి చెప్పక్కర్లేదు. ఆటోమేటిక్‌లో ఆ పని కన్వర్టర్‌ది. బండిని కదలనివ్వకుండా గేర్‌లో ఉంచి ఎక్స్‌లరేటర్ మొత్తం తొక్కితే ఇంజన్ వేగం ఎన్ని ఆర్పీఎం దాటి పెరగదో అదే స్టాల్. నా పాత కన్వర్టర్ స్టాల్ 1,700 దగ్గర. కామ్ లాగడం మొదలుపెట్టేది 2,200 పైన. మధ్యలో ఉన్న ఆ 500లో బండి ఈసురోమంటూ కదిలేది.

"2,400 నుంచి 2,800" అని డబ్బా మీద రాసి ఉన్న ఒక చవక కన్వర్టర్ తెప్పించి బిగించాను. మెల్లగా పోతూ ఒక్కసారి మొత్తం తొక్కి చూస్తే ముల్లు 2,100 దాటలేదు. మోసపోయానని దుకాణం వాళ్లని చాలా తిట్టుకున్నాను, కొంత అన్యాయంగానే. స్టాల్ అనేది కన్వర్టర్‌లో చెక్కి ఉంచిన అంకె కాదు. దాన్ని తిప్పే ఇంజన్‌కి తక్కువ ఆర్పీఎంలో ఎంత టార్క్ (తిప్పే బలం) ఉంటే అంత పైకి వెళుతుంది. అదే కన్వర్టర్ పెద్ద 454 ఇంజన్ వెనక పెడితే ఇంకా పైకి పోతుంది. నాది అసలే కంప్రెషన్ తక్కువ ఇంజన్, ఆపైన తక్కువ ఆర్పీఎంలో ఉన్న టార్క్‌ని కూడా పెద్ద కామ్ తినేసింది. అంటే ఏ కామ్ వల్ల ఎక్కువ స్టాల్ కావాల్సి వచ్చిందో, ఆ కామే స్టాల్‌ని కిందకి లాగుతోంది. ఈ మెలిక ఎవరైనా ముందే చెప్పి ఉంటే ఒక గేర్‌బాక్స్ దించుడు తప్పేది.

రెండోది ఆర్డరిచ్చి చేయించాను. కామ్ కార్డు (కామ్ కొలతలు రాసిన కార్డు), కంప్రెషన్, బండి బరువు, యాక్సిల్, టైరు ఎత్తు అన్నీ అడిగి 10 అంగుళాలది తయారుచేసిచ్చారు. ధర మొదటిదానికి రెట్టింపు పైనే. దీని స్టాల్ 2,850కి ఎగురుతుంది. ఐడిల్ 850, డ్రైవ్‌లో వేసినా ఆగదు, సిగ్నల్ దగ్గర కాలు బ్రేకు మీద ఆనిస్తే చాలు. పికప్ గురించి వేరే చెప్పాలా!

గేర్లు మాత్రం ఆలస్యంగా, కుదుపుతో పడేవి. కన్వర్టర్‌ది తప్పు కాదు. ఈ గేర్‌బాక్స్‌లో వాక్యూమ్ మాడ్యులేటర్ ఉంటుంది, వాక్యూమ్ తక్కువైతే బండి మీద లోడు పడిందనుకుని ప్రెషర్ పెంచేస్తుంది. స్క్రూతో సర్దుకునే మాడ్యులేటర్ వేసి నాలుగైదు సార్లు తిప్పి చూశాక కుదిరింది. బ్రేక్ బూస్టర్‌కీ వాక్యూమ్ చాలక ఒక రిజర్వ్ డబ్బా పెట్టాను.

నచ్చనిది ఊళ్లో తిరగడం. 35 మైళ్ల వేగంలో టాప్ గేర్‌లో కన్వర్టర్ జారకపోతే లెక్క ప్రకారం 1,550 ఆర్పీఎం ఉండాలి. కాస్త తొక్కితే ముల్లు 2,300కి పోతుంది, బండి రబ్బరు తాడుతో కట్టి లాగినట్టు తర్వాత తీరిగ్గా వస్తుంది. హైవేలో 70 దగ్గర లెక్కకి 3,100, ముల్లు చూపేది 3,250. ఆ తేడా అంతా జారడమే, జారిందంతా వేడే. మొదటి ఆగస్టులో ట్రాఫిక్‌లో గేర్‌బాక్స్ ఆయిల్ 215 డిగ్రీల ఫారన్‌హీట్‌కి పోయింది. రేడియేటర్ ముందు విడిగా కూలర్ పెట్టాక 180 దగ్గర ఉంటోంది. కూలర్ ఖర్చు కన్వర్టర్ ధరలోనే కలిపి చూసుకోండి. మైలేజీ గాలన్‌కి 14 నుంచి 12కి దిగింది.

బిగించేటప్పుడు ఒక్కటి జాగ్రత్త. కన్వర్టర్ గేర్‌బాక్స్ లోపలి పంపులో పూర్తిగా కూర్చోవాలి. గేర్‌బాక్స్ ఇంజన్‌కి ఆనాక, ఫ్లెక్స్‌ప్లేటుకీ (ఇంజన్ వెనక కన్వర్టర్‌ని బిగించే పలక) కన్వర్టర్‌కీ మధ్య అంగుళంలో ఎనిమిదో వంతు ఖాళీ కనబడాలి. ఖాళీ లేకుండా బోల్టులతో లాగారా, పంపు పగిలినట్టే. నేను రెండుసార్లూ టార్చి వేసి కొలిచాకే బోల్టులు ముట్టుకున్నాను.

వచ్చే చలికాలం ఓవర్‌డ్రైవ్ (హైవేలో ఆర్పీఎం తగ్గించే గేరు), లాకప్ (కన్వర్టర్ జారకుండా బిగించేది) ఉన్న 700ఆర్4 గేర్‌బాక్స్ వేద్దామని ఉంది. ఈ కన్వర్టర్ దానికి సరిపోదు, అమ్మేస్తాను. కొనేవాళ్లు ముందు కామ్ కార్డు తీసుకొస్తేనే బేరం.